గాలికి దడి కట్టడం ఎలా?

మంచు కురిసే దేశాల్లో రోడ్డుకు కొంత దూరంలో, ఖాళీ పొలాల్లో చెక్కపట్టీల దడులు బారులు తీరి ఉంటాయి. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో 1970లో తెరిచిన ఒక హైవే తొలి చలికాలంలోనే మంచుమేటలతో పదేపదే మూతపడింది. మరుసటి ఏడాది అక్కడ ఇలాంటి దడులు కట్టారు. గాలి ఆ దడి దాటేసరికి వేగం తగ్గి, మోసుకొచ్చిన మంచును రోడ్డుదాకా తేలేక మధ్యలోనే వదిలేస్తుంది. మినెసోటా రాష్ట్రంలో రైతులు రోడ్డు పక్కన కోయకుండా వదిలిన మక్క వరుసలు కూడా ఇదే పని చేస్తాయి. అలా వదిలినందుకు అక్కడి రవాణా శాఖ రైతులకు డబ్బు కడుతుంది.

మన నిజామాబాద్‌లో మంచు పడదు, కానీ గాలి తక్కువేం లేదు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం, జూన్ నుంచి పడమటి గాలి. బొప్పాయి, అరటి, కూరగాయల నారు, వానలకు నేల నానినప్పుడు ఏపుగా నిలబడ్డ చెరకు, అన్నిటికీ దాని దెబ్బ తగులుతుంది. 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక కూడా చెరకును వదలని రైతులకు పడిపోయిన చెరకు తెచ్చే నష్టం తెలుసు: కణుపుల దగ్గర మొలకలొస్తాయి, ఎలుకలు కొరుకుతాయి, రసంలో పంచదార తగ్గుతుంది. చెరకు పడకుండా జడచుట్లు వేయడం అవసరమే. దానికి తోడు గాలికి దడి కూడా ఉంటే చేనుకు ఇంకా బలం.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. దడి గాలిని పూర్తిగా ఆపకూడదు. సందు లేని గోడ కడితే గాలి దాని మీదుగా ఎగిరి, వెనక కొద్ది దూరంలోనే సుడి తిరుగుతూ కిందికి దూకుతుంది. గోడ చాటున ఉందనుకున్న పైరే ముందు పడిపోతుంది. దడిలో దాదాపు సగం సందు ఉంటే కొంత గాలి నెమ్మదిగా లోపలికి పారుతుంది, పైనుంచి వచ్చే గాలి ఒక్కసారిగా కిందికి దిగకుండా అదే అడ్డుకుంటుంది. మంచు దడులు కట్టేవాళ్లు పాటించేదీ ఈ సగం లెక్కే.

ఇక పనిలోకి దిగుదాం. గాలి దిక్కు చూడండి. పొలం నాలుగు మూలలా కర్రలు పాతి, పాత చీర పేలికలు కట్టి, ఉదయం, సాయంత్రం అవి ఎటు ఎగురుతున్నాయో గమనించండి. వానాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వస్తుంది కాబట్టి దడి ఆ గెట్టు మీదే రావాలి. వేసవి గాలిదుమారం ఏ మూల నుంచైనా రావచ్చు, దానికోసం నాలుగు వైపులా కట్టాలని చూడకండి.

తర్వాత ఎత్తు. దడి ఎత్తుకు పది రెట్ల దూరం దాకా మంచి రక్షణ ఉంటుంది, ఆ పైన మెల్లగా తగ్గుతూ పోతుంది. ఆరడుగుల దడి అరవై అడుగులు కాపాడుతుంది. గుంట అంటే 33 అడుగుల చదరం గనుక దాదాపు రెండు గుంటల వెడల్పు. నారుమడికి, కూరగాయలకు ఇది చాలు. చెరకే పదడుగులు పెరుగుతుంది, దానికి చెట్లే కావాలి. పాతికడుగుల చెట్ల వరుస 250 అడుగుల దాకా ఆదుకుంటుంది. చదరపు ఎకరం వైపు పొడవు 209 అడుగులే కదా, ఒక్క వరుసతోనే ఎకరం అంతా దాని చాటుకు వస్తుంది.

చిన్న దడికి తొమ్మిదడుగుల వెదురు గుంజలు తీసుకుని, మూడో వంతు భూమిలోకి దించి, ఆరేడు అడుగులకొకటి పాతండి. కంది కట్టె, పత్తి కట్టె పలచగా అల్లండి. చేతి వెడల్పు కట్టె, చేతి వెడల్పు సందు. షేడ్‌నెట్ వాడితే 50 శాతం రకం అడగండి. 75 శాతం రకం గాలికి తెరచాపలా ఉబ్బి గుంజలనే పీకేస్తుంది. గాలి వచ్చే వైపు తాళ్లతో గట్టిగా లాగి కట్టడం మరిచిపోవద్దు.

మంచు దడికి అడుగున కొంత సందు వదులుతారు, లేకపోతే మంచు పేరుకుని దడే పూడిపోతుంది. పంట దడికి ఆ సందు ఉండకూడదు. కింద ఖాళీ ఉంటే గాలి అక్కడినుంచే దూసుకొచ్చి నారును కొడుతుంది. చెట్ల వరుసలో కూడా ఇదే లోపం వస్తుంది: సరుగుడు, సుబాబుల్ ఎదిగేకొద్దీ మొదళ్లు బోసిపోతాయి. అందుకే వాటి ముందు గ్లైరిసిడియా లాంటి పొదను ఇంకో వరుసగా, చెట్ల సందుల్లోకి వచ్చేలా నాటాలి. నాటడానికి జూన్ చివర, జులై వానలు అనుకూలం. చెట్లు ఎదిగే దాకా గెట్టు వెంట జొన్న గానీ మక్క గానీ రెండు మూడు వరుసలు వేస్తే ఆ సీజన్‌కు అదే దడి.

దడి చివర్లు కూడా చూసుకోవాలి. గాలి చివరలు చుట్టి లోపలికి వస్తుంది కాబట్టి దడి కాపాడాల్సిన చోటు కంటే రెండు వైపులా కొంత సాగాలి. ట్రాక్టరు దారి కోసం మధ్యలో సందు వదిలితే గాలి ఆ ఇరుకులో వేగం పెంచుకుంటుంది. దారిని గాలి రాని గెట్టు వైపు పెట్టండి.

చెట్ల వేళ్లు పైరు నీళ్లు తాగుతాయి. వరుసకూ పంటకూ మధ్య మోకాలు దాటిన లోతు కాలువ తీసి, ఏడాదికోసారి వేళ్లు నరకండి. దగ్గరి రెండు మూడు సాళ్లలో దిగుబడి తగ్గుతుంది, ఆ మాట ముందే లెక్కలో వేసుకోవాలి. నిజాంసాగర్ కాలువ కట్టల మీద మాత్రం ఏదీ నాటొద్దు.

ఇక పడమటి గెట్టు మీది చెట్ల నీడ పొద్దున పూట పక్క రైతు చేనులో పడుతుంది. మొక్కలు కొనే ముందే ఆయనతో కూర్చుని మాట్లాడండి, ఒప్పుకుంటే ఇద్దరి గెట్లకూ కలిపి ఒకే వరుస నాటుకోండి.