పాత మోటారు – కొత్త లెక్క

పడవ ఒడ్డుకు వస్తుంది. వలలోంచి చేపలు తీస్తారు. పాట పెట్టి అమ్ముతారు. వచ్చిన డబ్బులోంచి ముందు పెట్రోలు ఖర్చు తీసేస్తారు. ఆ తరువాతే వాటాలు వేస్తారు. ఆ వాటా ఇంటికి చేరితేనే బియ్యం, మందులు, పిల్లల చదువు. మోటారు ఎక్కువ తాగితే ఇంటికి వచ్చే వాటా తగ్గుతుంది.

వలలో చేపలు పడడం ఎవరి చేతిలోనూ లేదు. పెట్రోలు ఆదా మాత్రం కొంతవరకు ఇంటివాళ్ళ చేతిలోనే ఉంది.

మోటారు కథ

పడవ వెనుక చెక్కకు తగిలించే మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో ఇలాంటి మోటార్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన మోటారు చేస్తే, ఆయన భార్య బెస్ వ్యాపారం చూసింది. ఉత్తరాలు, ప్రకటనలు ఆమే రాసేది. మోటారు పనిలో ఆడవాళ్ళ చేతిరాత మొదటినుంచీ ఉంది.

పాత మోటారు ఎందుకు ఎక్కువ తాగుతుంది?

పాత మోటార్లు చాలావరకు టూ స్ట్రోక్ రకం. వీటిలో పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. అందువల్ల కొంత పెట్రోలు కాలకుండానే పొగతో పోతుంది. నాలుగో వంతు దాకా అలా పోవచ్చు. ఫోర్ స్ట్రోక్ మోటారులో ఈ నష్టం చాలా తక్కువ. కానీ అది కొనాలంటే చాలా డబ్బు కావాలి. కొనేదాకా ఉన్న మోటారునే బాగా చూసుకోవాలి.

అత్తా కోడళ్ళ మాట

విశాఖ తీరంలో ఒక ఊరు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. నోటు పుస్తకంలో రోజూ పెట్రోలు లెక్క రాస్తోంది.

"ఏటి రాస్తన్నావే? మగోళ్ళ లెక్క మనకెందుకు?" అంది అత్త.

"వాటా మనింటికే గదా అత్తా వచ్చేది! సోమవారం పది లీటర్లు అయినాది. మంగళవారం పది. నిన్న ఎనిమిదే. పోయిన చోటు ఒకటే."

"నిన్న ఏటి చేసినాడు మరి?"

"పోయినప్పుడూ, వచ్చినప్పుడూ మోటారు వేగం కొంచెం తగ్గించమన్నాను. మొత్తం మీద పావుగంట ఎక్కువ పట్టినాది."

"ఆలస్యమైతే పాటలో రేటు పడిపోదా?"

"పావుగంట ముందే బయలుదేరినాడు. పాట టైముకి వచ్చేసినాడు."

అత్త మరి మాట్లాడలేదు. రెండు లీటర్ల డబ్బు ఎంతో వేళ్ళమీద లెక్క వేసుకుంది.

కోడలు చెప్పినది నిజమే. పడవ ఎంత వేగంగా పోతే నీరు దాన్ని అంత గట్టిగా అడ్డుకుంటుంది. వేగం పదో వంతు తగ్గిస్తే, అదే దూరానికి పెట్రోలు ఇంచుమించు ఐదో వంతు మిగలవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆదాకు ఇంకా ఏం చేయాలి?

1. పడవ అడుగు గోకాలి. నాచు, గుల్లలు పట్టిన పడవ బరువుగా కదులుతుంది. పడవను ఒడ్డుకు లాగినప్పుడు అడుగు శుభ్రం చేయాలి.

2. పంకా చూడాలి. నీటిలో తిరిగే రెక్కలు వంగినా, అంచు విరిగినా పెట్రోలు వృథా. తెగిన వల దారం పంకా వెనుక చుట్టుకుంటే వెంటనే తీసేయాలి. మోటారు ఆపిన తరువాతే చెయ్యి పెట్టాలి.

3. ఆయిలు కొలిచి కలపాలి. చేతి అంచనా పనికిరాదు. 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు ఆయిలు అంటే, 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కొన్ని పాత మోటార్లకు 25 పాళ్ళకు 1 పాలు కావాలి. అప్పుడు 10 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. ఏ మోటారుకు ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. ఆయిలు ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. తక్కువైతే మోటారు పట్టేస్తుంది. ఆదా కోసం ఆయిలు తగ్గించకూడదు.

4. ప్లగ్గు తుడవాలి. మసి పట్టిన ప్లగ్గుతో పెట్రోలు సరిగా కాలదు. అరిగిపోతే మార్చాలి.

5. పైపు చూడాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలితే చుక్క చుక్కగా డబ్బు కారిపోతుంది.

6. బరువు సర్దాలి. బరువంతా వెనుకనే ఉంటే పడవ ముక్కు పైకి లేస్తుంది. అక్కరలేని సామాను ఒడ్డునే ఉంచాలి.

7. వల వేసి ఊరికే ఉన్నప్పుడు మోటారు ఆపాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల వేట నిషేధం. మోటారు విప్పి బాగుచేయించడానికి అదే మంచి సమయం.

జాగ్రత్త!

పెట్రోలు డబ్బా పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకూడదు. ఆయిలు ఆరుబయటే కలపాలి. దగ్గర బీడీ, చుట్ట వద్దు. సముద్రం మీదికి వెళ్ళేటప్పుడు కొంత పెట్రోలు ఎక్కువే ఉంచుకోవాలి. గాలివాన కనిపిస్తే ఆదా చూడకూడదు. ముందు మనిషి ఒడ్డు చేరాలి.

పుస్తకంలో ఇలా రాయాలి

తేదీ – పోసిన పెట్రోలు – మిగిలిన పెట్రోలు – వెళ్ళిన చోటు – చేపల డబ్బు.

ఒకే చోటుకు వెళ్ళినా పెట్రోలు హఠాత్తుగా ఎక్కువ అయితే మోటారులోనో, పంకాలోనో, పడవ అడుగునో ఏదో తేడా వచ్చిందని అర్థం. గాలి ఎదురైనా, అల పెద్దదైనా కూడా ఎక్కువ కావచ్చు. అది కూడా పక్కన రాయాలి. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే అన్నీ చెబుతుంది.

లెక్క చేయండి

రోజుకు 2 లీటర్లు మిగిలాయి. నెలలో 20 రోజులు వేటకు వెళ్ళారు. మొత్తం ఎన్ని లీటర్లు మిగిలాయి? లీటరు 100 రూపాయలు అనుకుంటే ఎంత డబ్బు? మీ ఊరి ధరతో మళ్ళీ లెక్క వేయండి.

జవాబు చెప్పండి

1. వేగం తగ్గిస్తే పెట్రోలు ఎందుకు మిగులుతుంది?
2. ఆయిలు తక్కువ కలిపితే ఏమవుతుంది?
3. 50 పాళ్ళకు 1 పాలు చొప్పున 5 లీటర్ల పెట్రోలుకు ఎంత ఆయిలు కలపాలి?
4. మీ ఇంట్లో పెట్రోలు లెక్క ఎవరు రాస్తున్నారు?