ఇటలీ వినిపించింది, పలాస వినిపించలేదు: హామ్ రేడియోలో నేను నేర్చుకున్న మొదటి పాఠం

ఇక్కడ ఎప్పుడూ ప్రాసెసర్లు, బ్యాటరీలు, మెగాపిక్సెళ్ళ గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి సిమ్, టవర్, ఇంటర్నెట్ ఏవీ అక్కర్లేని ఒక గ్యాడ్జెట్ చూద్దాం: హామ్ రేడియో. దాంతో నేను చేసిన తప్పు నుంచే మొదలుపెడతా.

మాది పలాస దగ్గర ఊరు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను అక్కడే తీరం దాటింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నా. మూడు రోజులు అమ్మ ఫోన్ కలవలేదు. నా చేతిలో మంచి ఫోనే ఉంది, ఫుల్ సిగ్నల్ కూడా ఉంది. కానీ అవతల కరెంటూ లేదు, టవరూ లేదు. ఫోన్‌లో సగం మాత్రమే మన చేతిలో ఉంటుందని ఆ మూడు రోజుల్లో అర్థమైంది.

ఉద్యోగం వచ్చాక ఒక అమెచ్యూర్ రేడియో క్లబ్‌లో చేరా. పరీక్ష రాసి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు తెచ్చుకున్నా. సెకండ్ హ్యాండ్‌లో 100 వాట్ల హెచ్‌ఎఫ్ రేడియో కొన్నా, కానీ నా లైసెన్సు ప్రకారం 50 వాట్లకే సెట్ చేసి వాడాలి. మేడ మీద 14 మెగాహెర్ట్జ్‌కి సరిపడా పది మీటర్ల డైపోల్ తీగ కట్టా.

2021లో ఒక సాయంత్రం ఇటలీ స్టేషన్ ఒకటి పిలుస్తుంటే నా కాల్‌సైన్ చెప్పా. "ఫైవ్ ఫైవ్" అని జవాబు వచ్చింది. మాట స్పష్టంగా ఉంది, సిగ్నల్ ఫర్వాలేదు అని అర్థం. దాదాపు 6,700 కిలోమీటర్లు! ఆ ఊపులోనే పలాసలో ఉండే మా క్లబ్ మాస్టారిని అదే బ్యాండ్‌లో పిలిచా. దూరం 640 కిలోమీటర్లే. అరగంట పిలిచినా గురగుర తప్ప ఏమీ లేదు. పవర్ చాలట్లేదనుకుని, పెద్ద లైసెన్సు రాయాలి, యాంప్లిఫయర్ కొనాలి అని లెక్కలేసుకున్నా.

రాత్రి మాస్టారు ఫోన్ చేసి ఒకటే నవ్వు. "ఏటి బాబూ, మమ్మల్ని దాటేసి ఇటలీ ఎల్లిపోనావా? వాట్లు కాదు, బ్యాండు మార్చు. రేపు పొద్దున్న ఏడుకి 7 మెగాహెర్ట్జ్ మీదకి రా."

అసలు ఏం జరిగింది?

షార్ట్‌వేవ్ తరంగాలు దూరం వెళ్ళేది ఆకాశం వల్ల. భూమికి సుమారు 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్‌లోని ఎఫ్ పొర ఉంటుంది. అది తరంగాన్ని వంచి కిందకి తిప్పుతుంది. చెరువులో పెంకు విసరడం గుర్తు తెచ్చుకోండి. పడుకోబెట్టి విసిరితే ఎగురుకుంటూ పోతుంది, నిటారుగా వేస్తే మునిగిపోతుంది. ఇదీ అంతే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం తక్కువ వంగుతుంది. కాబట్టి నిటారుగా వెళ్ళింది పొరని దాటి అంతరిక్షంలోకి పోతుంది, ఏటవాలుగా వెళ్ళిందే తిరిగొస్తుంది. అది దిగేది చాలా దూరంలో. ఒక్క గెంతులో 4,000 కిలోమీటర్ల దాకా వెళ్ళగలదు. ఇటలీకి కనీసం రెండు గెంతులు కావాలి.

మొదటి గెంతు దిగేలోపు ఉండే నిశ్శబ్ద ప్రాంతమే స్కిప్ జోన్. ఆ సాయంత్రం పలాస అందులో పడింది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే ఎస్ మీటర్ మీద అర పాయింట్. పైగా ఆ తరంగం పలాసలో దిగనప్పుడు ఎన్ని వాట్లున్నా ఏం లాభం?

7 మెగాహెర్ట్జ్ తరంగం ఎక్కువ వంగుతుంది కాబట్టి, నిటారుగా పంపినా తిరిగొచ్చి దగ్గర్లో దిగుతుంది. అలాగని అదే ఎప్పుడూ బెస్ట్ కాదు. పగటిపూట కింద ఏర్పడే డి పొర దాన్ని ఎక్కువగా పీల్చేస్తుంది. అందుకే మాస్టారు ఉదయం ఏడు అన్నారు.

ఆ రాత్రే టార్చి వెలుతురులో తీగకి చెరోవైపు ఐదేసి మీటర్లు కలిపా. పొద్దున్నే మాస్టారి గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపించింది. అదే రేడియో, అవే 50 వాట్లు.

ఇది సరదా కోసమే అనుకోకండి. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంతో మాట్లాడడానికి వెళ్ళింది. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాక, అదే స్టేషన్ అక్కడివాళ్ళ క్షేమ సమాచారాన్ని బయటికి చేరవేసింది.

మీరూ ట్రై చేయండి

లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయకూడదు. కానీ వినొచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ రిసీవర్ ఫోన్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్‌ఎస్‌బీ మోడ్ పెట్టి, మనకి సాయంత్రం నాలుగింటికి ఒకసారి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ వినండి. ఏయే దేశాలు వినిపించాయో రాసుకుంటే పగటికీ రాత్రికీ తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అమ్మ దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది, ఊళ్ళో సిగ్నల్ బాగానే ఉంది. అయినా ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి నేనూ మాస్టారూ రెండు నిమిషాలు మాట్లాడుకుంటాం. ఏ నెలలో ఏ బ్యాండు పలాస చేరుతుందో నా లాగ్‌బుక్‌లో ఉంది. వచ్చే తుపానుకి వెతుక్కోవాల్సిన పని లేదు.