ఇసుక పునాదిలో కాస్త సిమెంటు

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మన కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. గాలికి మా ఇంటికి పెద్ద నష్టమేమీ జరగలేదు. వారం పోయాక వరండాలో నడుస్తుంటే రెండు టైల్స్ డొల్లగా మోగాయి. ఎత్తి చూస్తే కింద బెత్తెడు ఖాళీ! పునాది నింపేటప్పుడు నేను అడిగితే మేస్త్రీ అన్న మాట గుర్తుకొచ్చింది: "ఇసకే కదా సాయిబుగారూ, ఎక్కడికెళిపోద్ది?"

ఎక్కడికి పోయిందో తరువాత తెలిసింది. స్నానాలగది పైపు జాయింటు కారుతోంది. ఆ నీటికి వానలు తోడై, ఇసుక రాతి పునాది సందుల్లోంచి కొంచెం కొంచెంగా బయటికి జారిపోయింది. నాలుగు పక్కలా గట్టిగా కట్టుబడి ఉన్నంత కాలం ఇసుక బాగా బరువు మోస్తుంది. దారి దొరికితే మాత్రం నీటితోపాటు నడిచిపోతుంది, ఎందుకంటే దాని రేణువులను పట్టి ఉంచే జిగురు లేదు. బంకమట్టికి ఆ జిగురు ఉంది కాని, అది నానితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది.

ఇసుకకు ఆ పట్టు ఇవ్వడానికే కొద్దిగా సిమెంటు కలుపుతారు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో నీటి పైపులు, మురుగు పైపులు వేసిన కందకాలను నింపడానికి ఈ మిశ్రమం విరివిగా వాడతారు. ఇది కాంక్రీటు కాదు. ఇసుక బరువులో ఆరేడు శాతం సిమెంటు చాలు. మన లెక్కలో ఒక పాలు సిమెంటుకు పదిహేను పాళ్ల ఇసుక, అంటే 50 కిలోల బస్తాకు సుమారు 19 ఘనపుటడుగులు.

ఇసుక ఎంపికలోనే చాలామంది పొరపాటు చేస్తారు. సముద్రం దగ్గరే ఉంది కదా అని ఒడ్డు ఇసుక తేకూడదు. తీర నియంత్రణ నిబంధనలు దాన్ని తవ్వనివ్వవు, పైగా అందులోని ఉప్పు ప్లింత్ బీమ్ ఇనుమును తినేస్తుంది, గోడలకు తెల్లగా పొరలు తెస్తుంది. రేణువులన్నీ ఒకే సైజులో ఉండటం వల్ల సరిగా అణగదు కూడా. వంశధార ఇసుకైనా నది సముద్రంలో కలిసే చోటిది కాకుండా పైనుంచి వచ్చినదే తీసుకోవాలి. అనుమానముంటే చిటికెడు నాలుక మీద వేసుకోండి. పాతకాలపు పరీక్షే, ఇప్పటికీ పనికొస్తుంది.

పొడిగా ఉండగానే రంగు ఒకేలా వచ్చేదాకా కలిపి, తరువాత నీళ్లు చల్లాలి. గుప్పిట్లో పిసికితే ఉండ నిలవాలి, అరచేయి తడవకూడదు. ఆరు అంగుళాలకు మించకుండా పొర పరిచి, దిమ్మిసతో గాని ప్లేట్ వైబ్రేటర్‌తో గాని గట్టిగా కొట్టాలి. నీళ్లు కలిపిన రెండు గంటల్లోపు ఆ పని ముగియాలి. పొద్దున్న కలిపి పెట్టి, భోజనాలయ్యాక పరిచిన మిశ్రమం దండగ. ఆపైన వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి.

పునాది మొత్తం దీనితో నింపనక్కర్లేదు. అడుగున మామూలు ఇసుకను నీళ్లతో తడిపి కుదించి, పై అర అడుగుకు, పైపుల చుట్టూ, సెప్టిక్ ట్యాంకు పక్కనున్న ఇరుకు సందుల్లో మాత్రం ఈ మిశ్రమం వేస్తే సరిపోతుంది. అయితే రాతి సందులు పూడ్చకుండా, కారే పైపు బాగుచేయకుండా పైన ఎంత సిమెంటు కలిపినా అడుగు ఇసుక జారుతూనే ఉంటుంది. అలాగే, స్తంభాల పునాదులకు ఇది బదులు కాదు. ఆ సంగతి ఇంజనీరుకే వదలండి.

మన సొసైటీ కట్టించబోయే గదుల కోసం లెక్క వేశాను. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గదికి అర అడుగు మందం పొర అంటే 60 ఘనపుటడుగులు. కొట్టాక అణుగుతుంది కాబట్టి వదులు ఇసుక 75 ఘనపుటడుగులు కావాలి. దానికి సిమెంటు నాలుగు బస్తాలు. మా వరండాలో టైల్స్ ఊడదీసి, మళ్లీ నింపి, కొత్తవి పరచడానికి ఇంతకు ఎన్నో రెట్లు ఖర్చయింది.