సంఘం షాట్ ఎత్తులో



ఫొటోలో పొలం పడుతోంది గానీ పొలంలోని దిగులు పడటం లేదని రాశావు. కొండా కోనా లేని జహీరాబాద్‌లో పుట్టడమే కారణమన్నావు. కొండ ఉంటే దిగులు దానంతటదే వచ్చి కూర్చుంటుందా? 1979లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఇలియట్ పోర్టర్ రంగుల ఫొటోలను ‘ఇంటిమేట్ ల్యాండ్‌స్కేప్స్’ పేరుతో ప్రదర్శించింది. ఆకులు, రాతి మీది పాచి, చెట్ల కాండాలు: ఆయనకు ఇష్టమైన సరుకు ఇదే. ఫ్రేములోంచి ఆకాశం తప్పుకోగానే ‘అబ్బ, ఎంత పెద్దదో’ అన్న ఆశ్చర్యం పోయి దగ్గరితనం మొదలవుతుంది. అయితే దగ్గరికి పోవడం ఒక్కటే చాలదు. ఈ సంగతి తెలుసుకోవడానికి న్యూయార్క్ దాకా అక్కర్లేదు, మీ జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది.

అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఎక్కువగా దళిత మహిళల సంఘాలతో పనిచేసింది. బడి ముఖం చూడనివాళ్లతో సహా ఆ ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టారు, కోణాలకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింది నుంచి పైకి చూస్తే దొర ముందు పనివాడు తలెత్తే చూపు. కళ్లకు కళ్లు సమంగా ఉంటే సంఘం షాట్. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదని నా అభిప్రాయం. కోణం అంటే డిగ్రీల లెక్క అనుకుంటాం, వాళ్లు దాన్ని సంబంధంగా చదివారు. భావం పుట్టేది ఆ సంబంధంలోనే. నిలబడి శనగ చేను తీస్తే నువ్వు తనిఖీకి వచ్చిన మనిషివి. గొంతుక్కూర్చుంటే కలుపు తీసే మనిషి కళ్ల ఎత్తుకు వస్తావు. అప్పుడు శనగ కొమ్మ నీకు ఎదురుగా ఉంటుంది, వెనక వరస మసకబారుతుంది, పక్కనున్న కుసుమ ముల్లు గుచ్చుకునేంత దగ్గరవుతుంది.

మిగతా సాంకేతికమంతా ఈ చూపును కాపాడటానికే. అక్కడి రేగడి చేలల్లో నీళ్లు పెట్టకుండా, నేలలో మిగిలిన తేమతో, చలికాలపు మంచుతో పండే వాటిని సత్యం పంటలు అంటారు. ఆ పంటకు మంచు కూడా నీరే. ఆకు చిక్కగా పచ్చగా రావాలని పోలరైజర్ తిప్పావనుకో, ఆ మంచు బిందువు మెరుపే పోతుంది, కథ కూడా దానితోనే పోతుంది. తెల్లటి పొగమంచును కెమెరా బూడిదరంగని లెక్కేసి చీకటి చేస్తుంది, ఒక స్టాప్ పెంచు. ఆటో వైట్ బ్యాలెన్సుకు చెల్క ఎరుపూ, తెల్లవారుజాము నీలమూ దిద్దాల్సిన తప్పుల్లా కనిపిస్తాయి. దాన్ని డేలైట్ దగ్గర బిగించెయ్. ఇది రంగు పూయడం కాదా అంటావేమో. ఉన్న నీలాన్ని చెరపకుండా ఉంచడం వేరు, లేని ఎరుపును కంప్యూటర్లో పులమడం వేరు. రెండోది చేసిన ఫొటో పెళ్లి పందిరిలా ఉంటుంది.

ఇరవై రకాలు కలిపి వేసిన చేను అల్లిక పైనుంచి చూస్తేనే కదా తెలిసేది అని నువ్వు అడగొచ్చు. నిజమే, తియ్యి. పటేల్ షాట్ అన్న పేరు నిషేధం కాదు, ఎక్కడ నిలబడ్డావో గుర్తు చేసే చీటీ. అల్లిక చేను గురించి చాలా చెబుతుంది, చేనుతో నీకున్న సంబంధం గురించి మాత్రం తక్కువే చెబుతుంది. ఇంకో అభ్యంతరం గట్టిది: దిగులు చూసేవాడి మనసులో ఉంటుంది, చేనులో ఎక్కడిది? మనసులోనే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ జహీరాబాద్ ఎన్నడూ చూడనివాడి మనసు దేన్ని పట్టుకుని అక్కడికి చేరుతుంది? వాలిన కంది రెమ్మనో, నెర్రెలిచ్చిన రేగడినో పట్టుకుని. ఆ రెండింటిలో ఒక్కటే ఫ్రేములో ఉంచు. రెండూ పెడితే బతిమాలినట్టు ఉంటుంది.

శనగాకు మీది తడి నాలుకకు పుల్లగా తగులుతుంది. ఆ పులుపు ఏ లెన్సుకూ అందదు. అయినా ఈ చలికాలం పొద్దు పొడవకముందే చేనుకు వెళ్లి ముందు దాన్ని రుచి చూడు. అప్పటిదాకా కెమెరాను సంచిలోనే ఉండనీ.