కాలేయ వ్యాధిలో పథ్యం: ఏది మానాలి, ఏది మానకూడదు

పథ్యం అనే మాట హోసూరులో వినిపించే మూడు భాషలకూ ఉమ్మడి మాట. తమిళులు దానిని పత్తియం అంటారు, కన్నడిగులు పథ్య అంటారు. ఇంట్లో ఎవరికైనా కామెర్లు వచ్చాయనగానే పప్పు, నూనె, గుడ్డు, పాలు పక్కన పెట్టి, చారు మెతుకులతోనో పలుచని మజ్జిగ అన్నంతోనో సరిపెట్టడం కూడా చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. కొద్ది రోజుల్లో తగ్గిపోయే కామెర్లలో ఈ కట్టుబాటు వల్ల పెద్ద నష్టం కలగకపోవచ్చు. కాని నెలల తరబడి, సంవత్సరాల తరబడి సాగే దీర్ఘకాలిక కాలేయ వ్యాధిలో అదే పథ్యం రోగి కండను కరిగించి మంచాన పడవేస్తుంది. ఉన్న ఊరు విడిచి పనికోసం వచ్చిన కుటుంబాలలో సంపాదించే మనిషి మంచాన పడితే కలిగే కష్టం వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత ఈ వ్యాధిలో ఏది మానాలో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఏది మానకూడదో తెలుసుకోవడం అంతకంటె అవసరం.

కాలేయం గట్టిపడితే ఏమవుతుంది?

మద్యపానం, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి వైరస్‌లు, కాలేయంలో కొవ్వు పేరుకోవడం అనేవి ఈ వ్యాధికి ముఖ్య కారణాలు. ఏ కారణం వల్లనైనా కాలేయం ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటే అది గట్టిపడి, గడ్డలు కట్టినట్లు అవుతుంది. ఈ దశను వైద్యులు సిర్రోసిస్ అంటారు.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం పగటి ఆహారంలోని చక్కెరలో కొంత భాగాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకొని, రాత్రి మనిషి నిద్రలో ఉన్నప్పుడు కొద్దికొద్దిగా రక్తంలోకి విడుదల చేస్తుంది. గట్టిపడిన కాలేయానికి ఆ నిల్వ సామర్థ్యం తగ్గిపోతుంది. గాదెలో గింజలు లేని ఇంటి పరిస్థితి అది. అప్పుడు శరీరం కండరాలలోని మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను కరిగించి చక్కెర తయారు చేసుకుంటుంది. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తులుంటే శరీరంలో కలిగే మార్పులు, సిర్రోసిస్ ఉన్నవారిలో ఒక్క రాత్రి పస్తుతోనే కలుగుతాయని 1980లలోనే పరిశోధకులు గుర్తించారు.

కండ తరిగితే నష్టం నడకతో ఆగదు. ఆహారం జీర్ణమైనప్పుడు పేగులలో తయారయ్యే అమ్మోనియాను శుద్ధి చేయడం కాలేయం పని. కాలేయం ఆ పని చేయలేనప్పుడు కండరాలు కొంత భారాన్ని మోస్తాయి. కండరాలు కూడా తరిగిపోతే అమ్మోనియా మెదడును చేరి, మతిమరుపు, తికమక, పగలు నిద్ర, రాత్రి మెలకువ వంటి లక్షణాలు కలుగుతాయి. అంటే కండను కాపాడుకోవడమంటే మెదడును కాపాడుకోవడమే.

బలహీనతను తూకం చెప్పదు

ఈ వ్యాధిలో బరువు తూచే యంత్రాన్ని నమ్మితే మోసపోయే ప్రమాదముంది. పొట్టలో, కాళ్లలో నీరు చేరినవారికి కండ కరుగుతున్నా బరువు తగ్గినట్లు కనిపించదు. స్థూలకాయులలో కొవ్వు కింద కండ నష్టం దాగి ఉంటుంది. అందువల్ల కుటుంబసభ్యులు కణతలు, భుజాలు, మెడ ఎముకలు, తొడలు చూడాలి. అక్కడ గుంటలు పడుతుంటే కండ తరుగుతున్నదని అర్థం.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో కాలేయ రోగుల బలహీనతను కొలిచే ఒక పద్ధతిని ప్రకటించారు. అందులో పరీక్షలు మూడే: చేతి పట్టు ఎంత, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంత సమయం పడుతున్నది, పాదాలను మూడు విధాలుగా ఉంచి నిలబడినప్పుడు తూలకుండా ఎంతసేపు ఉండగలరు. కుర్చీ పరీక్షను ఇంట్లోనూ చేయవచ్చు. గోడకు ఆనించిన గట్టి కుర్చీ, పక్కన ఒక మనిషి తోడు ఉంటే చాలు. పట్టిన సమయాన్ని నెలకొకసారి రాసిపెట్టి వైద్యునికి చూపాలి. గత నెలలో సులువుగా లేచినవారు ఈ నెలలో చేతులు ఆనించవలసి వస్తే, అది విడిచిపెట్టదగిన విషయం కాదు.

ప్రోటీన్ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రోటీన్ తింటే అమ్మోనియా పెరిగి మతి తప్పుతుందన్న భయంతో ఒకప్పుడు వైద్యులే పప్పు, గుడ్డు, మాంసం మాన్పించేవారు. స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మతి తప్పి ఆసుపత్రిలో చేరినవారికి ప్రోటీన్ తగ్గించినందువల్ల మేలేమీ కలగలేదని, పైగా శరీరంలో ప్రోటీన్ ఎక్కువగా కరిగిందని తేలింది. ఢిల్లీలోని జి.బి. పంత్ ఆసుపత్రి వైద్యులు 120 మంది రోగులపై ఆరు నెలలపాటు జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. శాకాహార ప్రోటీన్‌తో కూడిన తగినంత ఆహారం తీసుకున్నవారిలో మెదడు పనితీరు, జీవన నాణ్యత మిగిలినవారికంటె బాగా మెరుగుపడ్డాయి. యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు, మతి తప్పే లక్షణాలున్నవారికి సైతం ప్రోటీన్ తగ్గించవద్దని స్పష్టంగా చెప్పాయి. మాంసం సరిపడనివారికి పప్పులు, పాలు, పెరుగు మంచి ప్రత్యామ్నాయాలు.

ఎంత తినాలి? ఒక లెక్క

ఆ మార్గదర్శకాల ప్రకారం స్థూలకాయం లేని సిర్రోసిస్ రోగికి రోజుకు, కిలో శరీర బరువుకు కనీసం 35 కిలో కేలరీల శక్తి, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. నీరు చేరినవారికి ఆ నీటి బరువు తీసివేసి లెక్క కట్టాలి. 50 కిలోల మనిషికి ఇది 1,750 కిలో కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అవుతుంది.

ఈ లెక్కను చేరడానికి ఖరీదైన డబ్బా పొడులు అవసరం లేదు. కృష్ణగిరి జిల్లాలో పండే, దొరికే తిండితోనే సరిపోతుంది. ఒక రోజు ఆహారం సుమారుగా ఇలా ఉండవచ్చు:

బియ్యం 150 గ్రాములు: 12 గ్రాముల ప్రోటీన్
రాగి పిండి 100 గ్రాములు, ముద్దగానో జావగానో: 7 గ్రాములు
కంది, పెసర, ఉలవ, అలసంద, పితికిపప్పులలో ఏవైనా కలిపి 75 గ్రాములు: 16 గ్రాములు
పాలు, పెరుగు కలిపి అర లీటరు: 16 గ్రాములు
గుడ్డు ఒకటి: 6 గ్రాములు
వేరుశనగ గింజలు 30 గ్రాములు: 7 గ్రాములు

మొత్తం 64 గ్రాములు. వంటలో ఐదు చెంచాల నూనె కలిస్తే శక్తి కూడా 1,800 కిలో కేలరీలు దాటుతుంది. కూరగాయలు, పండ్లు వీటికి అదనం. గుడ్డు తిననివారు మరో 25 గ్రాముల పప్పు చేర్చుకోవచ్చు. కేవలం చారు అన్నం తినే రోగికి ఇందులో మూడో వంతు ప్రోటీన్ కూడా అందదు. రాగి ముద్దలో పిండిపదార్థం, సున్నం దండిగా ఉన్నా ప్రోటీన్ తక్కువే. అందుకే ముద్ద పక్కన పప్పో, ఉలవచారులో మిగిలిన ఉలవలో తప్పక ఉండాలి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, స్థూలకాయం ఉన్నవారు మాత్రం వైద్యుని సలహాతో ఈ లెక్కను మార్చుకోవాలి.

రాత్రి చివరి ముద్ద

పగలు మూడు, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు. పడుకునే ముందు తప్పనిసరిగా ఏదైనా తినాలి. అందులో 50 గ్రాముల పిండిపదార్థం ఉండడం మంచిది. ఒక గ్లాసు పాలలో రెండు పెద్ద చెంచాల రాగి పిండితో కాచిన జావ, దానితో ఒక అరటిపండు ఆ లెక్కకు సరిపోతాయి. లేచిన వెంటనే కూడా ఆలస్యం చేయకుండా తినాలి. పరిశ్రమలలో రాత్రి షిఫ్టు చేసేవారికి నిద్ర పగటిపూట ఉంటుంది కాబట్టి, ఆ నిద్రకు ముందు తినడమే వారికి ఈ నియమం. ఏకాదశి, శనివారం, రంజాన్ ఉపవాసాల విషయంలో ముందుగా వైద్యునితో మాట్లాడాలి.

మానవలసినవి

మద్యం పూర్తిగా మానాలి. కొద్దిగా అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. నీరు చేరినవారు రోజంతటికీ ఉప్పును ఒక టీస్పూనుకు, అంటే 5 గ్రాములకు మించనీయకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, ప్యాకెట్ చిరుతిళ్లు ఈ లెక్కను ఇట్టే దాటిస్తాయి. అయితే ఉప్పు బొత్తిగా లేక తిండి సహించక, రోగి తినడమే మానేస్తే లాభంకంటె నష్టమే ఎక్కువ. నిమ్మరసం, జీలకర్ర, మిరియాలు, కొత్తిమీర రుచిని కొంత నిలబెడతాయి. నొప్పి మాత్రలు, పసరు మందులు వైద్యునికి చెప్పకుండా వాడకూడదు. వాటిలో కొన్ని కాలేయానికో, మూత్రపిండాలకో హాని చేస్తాయి.

కదలిక కూడా మందే

పూర్తి విశ్రాంతి కండను ఇంకా కరిగిస్తుంది. శక్తికి తగినట్లు రోజూ నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని మడమలు ఎత్తడం మేలు చేస్తాయి. పరగడుపున వ్యాయామం చేయకూడదు. అన్నవాహికలో ఉబ్బిన నరాలున్నవారు బరువులు ఎత్తే ముందు వైద్యుని అడగాలి.

సాయం ఎక్కడ?

ప్రజల ఇంటికే వైద్యాన్ని చేర్చే తమిళనాడు ప్రభుత్వ పథకం మక్కళై తేడి మరుత్తువం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. మంచం పట్టినవారికి ఇంటివద్ద ఫిజియోథెరపీ కూడా ఈ పథకంలో ఉంది. హోసూరులో ప్రభుత్వ ఆసుపత్రి, కృష్ణగిరిలో 2022 జనవరి 12న ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. భాష రాదని వెనుకాడనక్కరలేదు. కాలేయాన్ని తమిళంలో కల్లీరల్ అనీ, ప్రోటీన్‌ను పురదం అనీ అంటారు. ఉప్పు రెండు భాషలలోనూ ఉప్పే. రక్తపు వాంతి, నల్లని విరేచనం, మతి తప్పడం, జ్వరంతో పొట్ట నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు రాసుకొని వెళ్లడం మంచిది: నీరు తీసివేస్తే రోగి అసలు బరువెంత? రోజుకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ కావాలి? ఉప్పు ఎంతవరకు? ఏ వ్యాయామం చేయవచ్చు? వాటికి వచ్చిన జవాబులను వంట చేసేవారికి కూడా వినిపించాలి. పథ్యాన్ని నడిపేది వంటగదే.