మానవ నాడీశాస్త్రం: ఎం.ఎస్సీ.లో మనం నేర్చేది

బజారులో ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే మన లక్సెట్టిపేటలో వినిపించే మాట తెలిసిందే: "చేతిల ఇనుము పెట్టుండ్రి!" ఎవరో తాళపుచెవుల గుత్తి పెడతారు. రెండు మూడు నిమిషాల్లో ఆ మనిషి కుదుటపడతాడు. ఇనుమే తగ్గించిందని అందరూ నమ్ముతారు. మరి ఇనుము పెట్టకపోతే ఏమయ్యేది? అప్పుడూ తగ్గేదే. మెదడులోని నాడీకణాలు అదుపుతప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్ సంకేతాలు వెదజల్లడమే మూర్ఛ. సాధారణంగా అది దానంతటదే ఆగుతుంది. మనం చేయవలసింది రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చడం.

"పెట్టకపోతే ఏమయ్యేది?" అని పద్ధతి ప్రకారం అడగడం నేర్పేదే ఎం.ఎస్సీ. స్థాయి నాడీశాస్త్రమని బి.జెడ్.సి. నుంచి ఆ చదువుకు వెళ్ళిన నా అనుభవం. డిగ్రీలో మెదడు బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తాం. అక్కడ మాత్రం ఆ భాగం ఆ పని చేస్తుందని ఎలా తెలిసిందో చెప్పాలి. నాడీకణ నిర్మాణం, విద్యుత్ ధర్మాలు, రసాయన సంకేతాలు, జ్ఞాపకం, భాష, గణాంకశాస్త్రం, చివర ఒక పరిశోధన వ్యాసం - స్థూలంగా ఇదీ చదువు.

కప్పను కోసినట్లు మనిషిని కోయలేం కదా! అందుకే మానవ మెదడును తెలుసుకునే దారులు వేరు. ఒకటి, తలపై నుంచే కొలిచే సాధనాలు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. అదే నేటి ఇ.ఇ.జి. రెండవది, మరణానంతరం దానమిచ్చిన మెదళ్ళు. మూడవది, రోగమే.

రోగం ఎట్లా పాఠం చెబుతుందో మన హైదరాబాదుతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. నీళ్ళు లేకున్నా పండే కేసరిపప్పును కరువు కాలంలో మధ్య భారతంలోని పేదలు నెలల తరబడి ప్రధానాహారంగా తినేవారు. కొందరికి కాళ్ళు బిగుసుకుపోయి, నడక శాశ్వతంగా దెబ్బతినేది. కారణం పప్పేనా? 1963లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో రాయ్, నాగరాజన్, గోపాలన్ ఆ పప్పు సారాన్ని కోడిపిల్లలకెక్కించి నాడీ లక్షణాలు రప్పించారు. ఆ సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 1964లో బెంగుళూరులో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ అందులోని విషాన్ని వేరుచేశారు. రావుగారు తరువాత ఉస్మానియాలో ఆచార్యులయ్యారు. ఈ విషం నాడీకణాలు సహజంగా వాడుకునే గ్లుటమేట్ వేషం వేసుకుని వచ్చి, వాటిని అతిగా రెచ్చగొట్టి చంపుతుంది. అయితే పెద్ద ఎలుకలు దీనికి సులభంగా లొంగలేదు. జంతువులో కనిపించిందల్లా మనిషికి వర్తించదు, కనిపించనిదల్లా మనిషికి క్షేమమూ కాదు. "మానవ" నాడీశాస్త్రం అని విడిగా అనడంలోని అర్థమిదే.

మిత్రులారా! ఈ చదువు మనకందనిదేమీ కాదు. మంచిర్యాలలో రైలెక్కితే హైదరాబాదు. అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రముంది. బెంగుళూరులో నిమ్హాన్స్, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి గనుక ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చూసుకోవాలి. జీవశాస్త్రం వాళ్ళు గణాంకాలకు జంకవద్దు, గణితం వాళ్ళు కణాన్ని చూసి బెదరవద్దు. తెలుగు మీడియం వాళ్ళకు పారిభాషిక పదాలు మొదటి ఆరునెలలే బరువు. పాఠం అర్థమైతే పదం దానంతటదే నాలుకకెక్కుతుంది.

పట్టా తెచ్చుకోవడం ఒక ఎత్తయితే, నేర్చిన దాన్ని ఊళ్ళో వాళ్ళకు వాళ్ళ మాటల్లో చెప్పగలగడం మరో ఎత్తు. మూర్ఛకు మందులున్నాయి; క్రమం తప్పక వాడితే చాలామందికి అదుపులో ఉంటుంది. అది "గాలి సోకడం" కాదని ఒక్క తల్లికి నచ్చజెప్పి, ఆమె బిడ్డను డాక్టరు దగ్గరికి పంపగలిగితే చదివిన చదువుకు సార్థకత.