మాండొలిన్ పైపలక పరీక్షలు



మాండొలిన్ అనగానే పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ గారు (1969–2014) మనవారికి జ్ఞప్తికి వచ్చుదురు. వారు కర్ణాటక సంగీతమును వాయించినది విద్యుద్వాద్యముపైన. అందు తీగెల నాదమును విద్యుచ్ఛక్తి పెంచును. విద్యుత్తు లేని మాండొలిన్‌లో ఆ పని పైపలక చేయవలెను. సన్నని తీగె యొంటిగా కదల్పగల గాలి స్వల్పము. వెడల్పైన పలక దానితో కూడ కంపించి గాలిని కదల్పగా నాదము వినవచ్చును.

అమెరికాలోని కాలమజూ పట్టణమున ఆర్విల్ గిబ్సన్ అను నాతడు ఈ పలకను వయొలిన్ పలకవలె దళసరి కఱ్ఱనుండి ఉబ్బెత్తుగా చెక్కు పద్ధతికి 1898లో పేటెంటు పొందెను. 1922లో లాయడ్ లోర్ పర్యవేక్షణమున గిబ్సన్ కంపెనీ వెలువరించిన ఎఫ్-5 మాండొలిన్‌ను పెక్కుమంది చేతిపనివారు నేటికిని మాదిరిగా గైకొందురు.

పలక మందమైనచో చక్కగా కంపింపదు. మిక్కిలి పలుచనైనచో తీగెల బిగువునకు క్రుంగిపోవును. చెక్కివేసిన కఱ్ఱ మరల నంటదు. ఒకే కఱ్ఱతో చేసిన చదునైన పలక బరువు దాని మందమును బట్టి యుండును; వంగక నిలుచు దార్ఢ్యమో, ఆ మందముయొక్క ఘనమును బట్టి యుండును. 4 మి.మీ. పలకను 3 మి.మీ. చేసినచో బరువు నాలుగింట మూడు పాళ్లు నిలుచును. దార్ఢ్యము 64 పాళ్లలో 27 మాత్రమే మిగులును. కావున పనివాడు కొంచెము గీకి, పరీక్షించి, మరల గీకును.

ఆ పరీక్షలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, పలకను రెండు వ్రేళ్లతో పట్టి, వ్రేలి కణుపుతో తట్టి స్వరము వినుట. గీకినకొలది స్వరము దిగును.

రెండవది, జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాడ్ని 1787లో ప్రకటించిన పద్ధతి. ఆయన రేకుపై ఇసుక చల్లి, అంచును వయొలిన్ కమానుతో రాచెను. ఇసుక కదలెడి చోటులను విడిచి కదలని గీతలపై చేరెను. నేటి పనివారు పలకక్రింద లౌడుస్పీకరు నుంచి, ఇసుకకు మాఱుగా తేయాకు పొడి చల్లి, స్వరమును క్రమముగా హెచ్చించుచు గీతలను చూతురు. అవి వంకరపోయినచో ఇరుప్రక్కల దార్ఢ్యము సమముగా లేదని యూహింతురు.

మూడవది, పలక అంచులను ఆధారములపై నిలిపి, నడుమ తెలిసిన బరువుంచి, ఎంత వంగెనో మిల్లీమీటరులో నూఱవ వంతు వఱకు చూపు డయల్ గేజితో కొలుచుట.

గాలిలోని తేమచే కఱ్ఱ బరువును దార్ఢ్యమును మాఱును గనుక, కొలతతోపాటు ఆనాటి తేమను గూడ పుస్తకమున వ్రాసికొందురు. విన్న స్వరము మఱపునకు వచ్చును. వ్రాసిన అంకె మఱియొక వాద్యమునకు దారి చూపును. అయినను రెండు పలకల అంకెలు సరిపోయినంత మాత్రమున నాదము సరిపోవునని చెప్పరాదు. తీగెలు కట్టిన పిమ్మట తీర్పు చెప్పవలసినది చెవియే.

అభ్యాసము: 6 మి.మీ. చదునైన పలకను 3 మి.మీ. చేసినచో బరువెంత, దార్ఢ్యమెంత మిగులును? లెక్కించి చూడుడు.